ఇంటి పన్ను, కమాన్, నూరు చింతగింజలు: ఒక పంచాయతీ కేస్ స్టడీ

2021 నవంబరు చివర్లో పాలకవర్గ సమావేశం. సర్పంచ్ గారు ఒక తీర్మానం ముసాయిదా నా ముందు పెట్టారు. ఇంటి పన్ను అందరికీ ఒకేలా 50 శాతం పెంచాలి. అవసరం అబద్ధమేమీ కాదు. కరెంటు బిల్లు బాకీ పడింది. రాష్ట్ర ప్రభుత్వ పల్లె ప్రగతి కార్యక్రమం కింద బ్యాంకు లోనుతో తీసుకున్న ట్రాక్టర్‌కు ప్రతి నెలా కిస్తీ కట్టాలి, డీజిల్ పోయాలి. దాంతోపాటు ఎన్నికలప్పుడు సర్పంచ్ గారు ఊరి ముందర కమాన్, అంటే స్వాగత తోరణం, కట్టిస్తానని మాటిచ్చారు. అది ముసాయిదాలో లేదు కానీ గదిలో ఉన్న అందరికీ తెలుసు.

నేను అప్పటికి మూడో ఏడు చేస్తున్న జూనియర్ పంచాయతీ కార్యదర్శిని. ఊరు హనుమకొండ జిల్లాలో హైవేకు దగ్గరగా ఉంటుంది, పేరు రాయను. సుమారు 700 ఇళ్లు, 2,600 జనాభా. ఊరి లెక్కలన్నీ గుండ్రం చేసి చెప్తున్నాను, మనుషులను గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. పన్ను, ఖర్చు గురించి ఒక చిన్న ఊరు నాలుగు నెలలు ఎలా కొట్లాడుకుందో, అందులో నేను ఎక్కడ తప్పు చేశానో తోటి కార్యదర్శులకు పనికొస్తుందని రాస్తున్నాను.

తీర్మానం చేసే అధికారం పాలకవర్గానిదే. అయినా గ్రామసభలో చెప్పకుండా పన్ను పెంచితే వసూలుకు ఇల్లిల్లూ తిరిగి తిట్లు తినేది నేను. ముందు గ్రామసభ పెడదామన్నాను. సర్పంచ్ గారు ఒప్పుకున్నారు, కొంచెం ముఖం చిట్లించుకునే.

డిసెంబరు మొదటి వారంలో పంచాయతీ ఆఫీసు ముందు సభ. పన్ను మాట ఎత్తిన పది నిమిషాలకే ఇంటి పన్ను పక్కకు పోయి డీజిల్ ముందుకొచ్చింది. "ఏంది మేడం గిది? డీజిల్ మీద సగం పన్నే కడ్తున్నం. ఇంక మా ఇండ్ల మీద పడ్డరా?" అని ఒక రైతు లేచాడు. అప్పటికి నెల కిందటే కేంద్రం ఎక్సైజ్ సుంకం పెట్రోల్ మీద 5, డీజిల్ మీద 10 రూపాయలు తగ్గించింది. రాష్ట్రం వ్యాట్ రేటును కదిలించలేదు. హైదరాబాద్‌లో లీటరు డీజిల్ 94 రూపాయల 62 పైసలు. ఇంకేముంది, టీవీలో రాత్రి చూసిన చర్చ పొద్దున మా రావిచెట్టు కింద మళ్లీ మొదలైంది. రాష్ట్రం తగ్గించాలని ఒక జట్టు, పెంచినోళ్లే తగ్గించాలని ఇంకో జట్టు.

గ్రూప్స్‌కు ప్రిపేర్ అవుతున్న ఒక పిల్లవాడు లేచి లెక్క చెప్పాడు. నాకు ఇప్పటికీ గుర్తుంది, ఎందుకంటే నేను కూడా అంత విడమరిచి ఎప్పుడూ చూడలేదు. లీటరు డీజిల్‌లో అప్పుడు కేంద్రానిది 21.80. రాష్ట్ర వ్యాట్ 27 శాతం, అంటే దగ్గర దగ్గర 20 రూపాయలు. కేంద్రం తీసుకునే 21.80లో రాష్ట్రాలతో పంచుకోవాల్సిన అసలు ఎక్సైజ్ 1.80 మాత్రమే. మిగతాది ప్రత్యేక అదనపు సుంకం 8, రోడ్డు సెస్సు 8, వ్యవసాయ సెస్సు 4. ఈ ఇరవై రూపాయలు పంపకంలోకే రావు. ఆ 1.80లో 41 శాతం అన్ని రాష్ట్రాలకూ పోతుంది, అందులో రాష్ట్రాల వాటాలు తేల్చే 15వ ఆర్థిక సంఘం లెక్కన తెలంగాణకు 2.102 శాతం. "అంటే లీటరుకు పైసన్నర" అని కూర్చున్నాడు.

సభ ఒక్క నిమిషం నిశ్శబ్దమైంది. తర్వాత ఒక రిటైర్డ్ టీచరు గారు అడిగారు: "ఆ పైసన్నర మన ఊరి లీటరు మీదనే కాదు గదా, దేశంలో అమ్మే ప్రతి లీటరు మీద వస్తది. మరి రోడ్డు సెస్సు తీసుకోకుంటే హైదరాబాద్ రోడ్డు ఎట్ల పడ్తది?" ఇద్దరి మాటా నిజమే. నేను కలగజేసుకుని మన పంచాయతీ ట్రాక్టర్ కూడా అదే డీజిల్ పోయించుకుంటుందని, లీటరుకు 40 రూపాయల పైన పంచాయతీయే పైవాళ్లకు పన్ను కడుతోందని చెప్పాను. నవ్వారు.

కానీ అక్కడే నా తప్పు కూడా ఉంది. గడియారం చూస్తే నలభై నిమిషాలు అయిపోయాయి. మా గ్రామసభ మార్చలేని పన్ను గురించి నలభై నిమిషాలు, మార్చగలిగే పన్ను గురించి ఐదు నిమిషాలు. తర్వాత చాలా ఊళ్లలో ఇదే చూశాను. దూరపు పన్ను మీద కోపం దగ్గరి పన్ను మీద తీర్చుకుంటారు, దగ్గరి పన్ను లెక్క మాత్రం ఎవరూ అడగరు. పక్కింటివాడి లెక్క కూడా బయటపడుతుందని మొహమాటం కావచ్చు.

ఏదీ తేలలేదు. "పెంచుడు తర్వాత, ముందుగాల పాత బాకీలు వసూలు చెయ్యి మేడం" అన్నారు అందరూ. నేను సరేనని బాకీదారుల పేర్లు, బాకీలు చార్టు మీద రాసి ఆఫీసు గోడకు అంటించాను. అప్పట్లో అది మంచి పద్ధతని నాకు ఎవరో చెప్పారు. వారంలో వసూలు పెరిగింది కూడా.

పదో రోజున ఒక ముసలమ్మ వచ్చింది. బీడీలు చేసుకుని, పింఛను మీద బతికే మనిషి. కొడుకు దుబాయ్‌లో ఉన్నాడు, డబ్బులు పంపేది తక్కువ. ఆమె పేరు మీద మూడేళ్ల బాకీ 1,140 రూపాయలు. "గోడ మీద నా పేరెందుకు రాసినవ్ బిడ్డా? నేనేమన్న దొంగనా?" అంది. కొంగుముడి విప్పి 500 ఇచ్చింది. రసీదు రాసిచ్చాక వెళ్లిపోకుండా బెంచీ మీద కూర్చుని, "ఆ ఫంక్షన్ హాలాయన పేరు లేదేంది?" అని అడిగింది. ఆయన ఏటా కట్టేస్తాడమ్మా అన్నాను. "ఎంత?" అంది.

చెప్పడానికి రిజిస్టరు తీశాను. డిమాండ్ రిజిస్టరులో, అంటే ఏ ఇంటి నుంచి ఎంత పన్ను రావాలో రాసే పుస్తకంలో, ఫంక్షన్ హాలు రేకుల షెడ్డుగా ఉంది. ఏడాదికి 420 రూపాయలు. ముసలమ్మది పెద్ద పెంకుటిల్లు, ఏడాదికి 380. ఆ ఇంట్లో సగం భాగం కూలిపోయి నాలుగు వానాకాలాలు దాటింది. ఆయన ఏప్రిల్‌లోనే 420 కట్టి చక్కటి పన్నుదారు అనిపించుకుంటున్నాడు. ఈమె గోడకెక్కింది.

ఆ సాయంత్రమే చార్టు పీకేశాను. మన మీటింగుల్లో, మన సమీక్షల్లో బాకీల గురించే ఎప్పుడూ మాట్లాడతాం. బాకీ అంటే రిజిస్టరు ప్రకారం రావాల్సింది రాకపోవడం. రిజిస్టరే తప్పయితే, తక్కువ రాయించుకున్నవాడు ఎప్పటికీ బాకీదారు కాడు. సరిగ్గా రాసి ఉన్న పేదవాళ్లే అవుతారు. అలాంటి రిజిస్టరు మీద 50 శాతం పెంచితే షెడ్డుకు 210 పెరుగుతుంది, కూలిన పెంకుటింటికి 190 పెరుగుతుంది. సర్పంచ్ గారికి ఈ రెండు అంకెలూ చూపించాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. "అందరిదీ కొలుద్దామంటవా?" అన్నారు చివరికి. ఆ ఒక్క మాటకు ఆయన మీద నాకున్న చాలా ఫిర్యాదులు మాఫీ చేశాను.

జనవరిలో కొలతలు మొదలుపెట్టాం. నేను, కారోబార్ (పంచాయతీ గుమస్తా), మల్టీపర్పస్ వర్కర్ ఒకరు, ఒక టేపు. ఇంటి పన్ను స్థలం, కట్టడం విలువ మీద ఉంటుంది కాబట్టి పొడవు వెడల్పులు, గుడిసా పెంకా రేకులా స్లాబా, పైన అంతస్తు ఉందా, కట్టి ఎన్నేళ్లయింది, ఉండటానికా వ్యాపారానికా అన్నవి రాసుకోవాలి. ముందు పెన్సిల్‌తో. యజమాని చూసి సంతకం పెట్టాకే ఇంకుతో. ఫిబ్రవరి 16 నుంచి మేడారం జాతర. దానికి వారం ముందు నుంచే ఊళ్లో సగం ఇళ్లకు తాళాలు, కొలిచేది ఎవరిని? పది రోజులు ఆపాం. నిజానికి ఆ విరామం మంచిదైంది. జాతర నుంచి బంగారం, అదే బెల్లం, పంచుకుంటూ తిరిగొచ్చినప్పుడు మనుషులు కాస్త మెత్తగా ఉంటారు.

తేలింది ఏమిటంటే, 700 ఇళ్లలో 190 దాకా రిజిస్టరుకూ ఇంటికీ పొంతన లేదు. పెంకుటిల్లని రాసి ఉన్నచోట రెండంతస్తుల స్లాబు. ఇంటి నంబరే లేని కొత్త ఇళ్లు నలభైకి పైగా. రైసు మిల్లు మామూలు ఇల్లుగా, కోళ్ల ఫారం ఖాళీ స్థలంగా. ముప్పై దాకా ఇళ్లకు మాత్రం ఎక్కువ రాసి ఉంది, అవి ఎక్కువగా పాత వాడలోవి, కూలినవి. పాత రేటు అలాగే ఉంచి కొత్త కొలతలతో వేస్తే డిమాండ్ 2 లక్షల 10 వేల నుంచి 3 లక్షలు దాటింది. అంటే అందరికీ 50 శాతం పెంచితే ఎంత వచ్చేదో దాదాపు అంతే. ముసలమ్మ పన్ను 380 నుంచి 160కి దిగింది.

ఇక ఖర్చు సంగతి. మొదటి సభలో జరిగింది మళ్లీ జరగకూడదని మార్చి సభకు నేను కాగితాలు పట్టుకెళ్లలేదు. శాతాలు చెప్తే జనం వింటారు కానీ కొట్లాడరు. కొట్లాడకపోతే బడ్జెట్ అర్థం కాదు. నూరు చింతగింజలు తీసుకెళ్లాను. నేల మీద ముగ్గుపిండితో ఆరు గుండ్రాలు గీశాం. పంచాయతీకి అన్ని దారుల నుంచీ నూరు రూపాయలు వస్తే ఎక్కడెక్కడికి పోతుందో గింజలు పెట్టమని మహిళా సంఘాల వాళ్లకు ఇచ్చాను. ముందు వాళ్ల అంచనా ప్రకారం పెట్టారు. జీతాల్లో నలభై పెట్టారు, "మీదే ఎక్కువుంటది మేడం" అని. నా జీతం పంచాయతీ ఇవ్వదని చెప్తే నమ్మడానికి కొంచెం టైమ్ పట్టింది.

తర్వాత అసలు లెక్క పెట్టాను. మల్టీపర్పస్ వర్కర్లు ఐదుగురు, ఒక్కొక్కరికి నెలకు 8,500. అది 15 గింజలు. కరెంటు, అంటే వీధిలైట్లు, నీళ్ల మోటార్లు, 22. ట్రాక్టర్ కిస్తీ, డీజిల్, రిపేర్లు 11. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం మొక్కలకు కచ్చితంగా 10. ఆర్థిక సంఘం డబ్బులో 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికే వాడాలన్న షరతు అప్పుడు ఉండేది, ఆ కట్టేసిన డబ్బు 24. మిగిలినవి 18.

"గివేనా మనయి?" అంది ఒకామె. అంతే. ఊరంతా కొట్లాడేది ఆ పద్దెనిమిది గింజల గురించి.

అప్పుడు అసలు చర్చ మొదలైంది. నేను ఊహించని చోట. కమాన్ గురించి కాదు. ఒక సంఘం లీడరు కరెంటు గుండ్రం ముందు కూర్చుని, "గిన్ని గింజలు ఎందుకు? మా గల్లీల పొద్దందాక లైట్లు వెలుగుతయి" అంది. మా ఊళ్లో సగం స్తంభాలకు వీధిలైట్ల కోసం విడిగా మూడో తీగ లేదు. ఆన్, ఆఫ్ చేసే స్విచ్ లేదు కాబట్టి రాత్రీ పగలూ వెలుగుతాయి. ఈ విషయం నాకు తెలుసు, రెండేళ్లుగా ఫైల్లో ఉంది. బిల్లు ఎలా కట్టాలా అని నెలనెలా టెన్షన్ పడ్డాను కానీ బిల్లు ఎందుకు అంత వస్తోందని సభలో ఎప్పుడూ పెట్టలేదు. మిగిలిన 18లో 6 గింజలు తీసి మూడో తీగకు పెట్టారు. ఆ పని పూర్తయ్యాక కరెంటు గుండ్రంలో నాలుగు గింజలు తగ్గాయి, ప్రతి ఏడూ తగ్గుతూనే ఉన్నాయి. ఖర్చు గురించిన చర్చలో "దేని మీద పెట్టాలి" అన్నదే అందరూ అడుగుతారు. ఆ లీడరు అడిగింది వేరు.

గ్రూప్స్ పిల్లవాడు ఇంకో ప్రశ్న వేశాడు, దానికి నా దగ్గర జవాబు లేదు. ఇంటి పన్ను ప్రతి రూపాయి మీద 8 పైసలు గ్రంథాలయ సెస్సు వసూలు చేస్తాం. "మన ఊళ్లె లైబ్రరీ ఏది మేడం?" లేదు. అతను రోజూ చదువుకోవడానికి హనుమకొండకు బస్సులో వెళ్తాడు. సెస్సు అన్న మాట డీజిల్ దగ్గర వింటే కోపం వచ్చినవాళ్లకు, మేమూ అదే చేస్తున్నామని అప్పుడు తెలిసింది.

కమాన్ సంగతి గింజలే తేల్చాయి. ఎస్టిమేటు చూస్తే రెండేళ్ల పాటు మిగిలే గింజలన్నీ పెట్టినా సరిపోవు. సర్పంచ్ గారు నవ్వేసి, "దాతలను చూస్త" అన్నారు.

కష్టమైన వాదన ఫంక్షన్ హాలు యజమానితో జరిగింది. ఆయన వార్డు మెంబర్లలో ఇద్దరికి బంధువు. కొత్త లెక్కలో ఆయన పన్ను 420 నుంచి 9,000 దాటింది. సభలో ఆయన అరవలేదు, తెలివిగా మాట్లాడాడు. ఆయన మాటలు ఇక్కడ పూర్తిగా రాయడం న్యాయం. "బోరు నేనే వేసుకున్న. రోడ్డు నేనే పోసుకున్న. ట్రాన్స్‌ఫార్మర్‌కు పైసలు నేనే కట్టిన. పంచాయతీ నాకు ఏమిచ్చిందని తొమ్మిది వేలు? పక్క ఊర్ల గింత లేదు. అక్కడ కట్టుకుంటే ఊరి పిల్లగాండ్లకు క్యాటరింగ్ పని పోతది." ఇది పెద్ద పెద్ద వేదికల మీద కంపెనీలు చెప్పే వాదనే. పొందిన సేవకు తగ్గట్టు పన్ను ఉండాలని, ఎక్కువ వేస్తే తక్కువ ఉన్నచోటికి పోతామని. నాకు సగం ఒప్పుకోవాలనిపించింది.

జవాబు నేను చెప్పలేదు. ట్రాక్టర్ నడిపే వర్కర్ వెనక నుంచి అన్నాడు: "పెండ్లయిన తెల్లారి నాలుగు ట్రిప్పులు కొడ్త సారూ, ఇస్తర్లు, ప్లాస్టిక్ గిలాసలు. ఊరంత కలిసి రెండు ట్రిప్పులే." యజమాని దానికి ఏమీ అనలేదు. కానీ ఒక మాట అడిగాడు, "ఇప్పుడు తొమ్మిది వేలు, వచ్చే ఏడు పదిహేను వేలు అయితదా?" ఇది సరైన ప్రశ్న. వ్యాపారం చేసేవాడికి పన్ను ఎంత అన్నదానికంటే ఎప్పుడు ఎంత మారుతుందో తెలియకపోవడం పెద్ద భయం. రిటైర్డ్ టీచరు గారు అందుకున్నారు. 1244లో గణపతిదేవుడు మోటుపల్లిలో శాసనం వేయించాడట. అంతకుముందు తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా రాజులు గుంజుకునేవారు. ఆయన నిర్ణయించిన సుంకం తప్ప మిగతాది వదిలేస్తానని రాయి మీద చెక్కించాడు. "మనం రాయి మీద కాకున్నా గోడ మీదన్న రాస్కుందాం" అన్నారు. పాత రేటును మిగిలిన పదవీకాలమంతా పెంచబోమని తీర్మానంలో చేర్చాం. ఆ తీర్మానం చదివాక మొదటిసారి ఫంక్షన్ హాలాయన కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్నాడు. అయినా అభ్యంతరం రాసిచ్చాడు. మళ్లీ కొలిచాం, వంటశాల షెడ్డు మేం రెండుసార్లు లెక్కేశామని తేలింది. 7,600కు ఒప్పుకున్నాడు.

ఫలితం చెప్పాలంటే కొంచెం ఇబ్బందిగానే ఉంది. కొత్త ఆర్థిక సంవత్సరంలో చేతికొచ్చిన డబ్బు పెరిగింది. కానీ వసూలు శాతం 90 పైనుంచి 75కు పడింది. డిమాండ్ పెరిగింది కదా, అభ్యంతరాలు పెండింగులో ఉన్నాయి కదా. సమీక్షలో చూసేది శాతమే. పాత తప్పుడు రిజిస్టరుతో 90 చేసినప్పుడు శభాష్ అన్నారు, ఎక్కువ డబ్బు తెచ్చిన ఏడు మెమో ఇచ్చారు. తోటి కార్యదర్శులు కొలతల జోలికి ఎందుకు వెళ్లరో ఆ రోజు తెలిసింది. మీరు ఈ పని మొదలుపెట్టే ముందే పాత డిమాండ్, కొత్త డిమాండ్ పక్కపక్కన పెట్టి పైఆఫీసుకు లెటర్ రాసి కాపీ దగ్గర పెట్టుకోండి. నేను రాయలేదు.

ఇంకో లోపం ఉంది. ఇంటి పన్ను ఇంటిని చూస్తుంది, ఇంట్లోవాళ్ల రాబడిని చూడదు. గల్ఫ్‌లో అప్పులపాలైన కుటుంబం కట్టుకున్న స్లాబు ఇల్లు, కాంట్రాక్టరు స్లాబు ఇల్లు మా టేపుకు ఒక్కటే. అలాంటి పదిహేను ఇళ్ల వాళ్లు నన్ను ఇప్పటికీ క్షమించలేదనుకుంటాను. వాయిదాలు ఇవ్వడం తప్ప నేను చేయగలిగింది కనబడలేదు.

2024 ఫిబ్రవరిలో పాలకవర్గాల గడువు ముగిసింది. మళ్లీ ఎన్నికలు 2025 డిసెంబరులో జరిగాయి. మధ్యలో ప్రత్యేకాధికారుల పాలన. ఎన్నికైన పాలకవర్గం లేదు కాబట్టి కేంద్ర ఆర్థిక సంఘం నిధులు ఆగిపోయాయి. కట్టేసిన 24 గింజలు మాయం, వాటితో పాటు ఇంకొన్ని కూడా. ఆ రోజుల్లో చాలామంది కార్యదర్శులు ట్రాక్టర్ డీజిల్ సొంత జేబులోంచి పోయించారు. నేనూ కొన్ని నెలలు పోయించాను. తక్కువ నెలలే, ఎందుకంటే ఇంటి పన్ను డబ్బు ఊళ్లోనే ఉంది, తగ్గిన కరెంటు బిల్లు తగ్గినట్టే ఉంది.

కమాన్ కూడా కట్టారు, 2023లో, దాతల డబ్బుతో. దాతల పేర్ల పలకలో మొదటి పేరు ఫంక్షన్ హాలాయనది. ఆయన ఇచ్చిన చందా నాలుగేళ్ల ఇంటి పన్ను కంటే ఎక్కువ.

నాకు బదిలీ అయినప్పుడు కొత్తగా వచ్చిన అబ్బాయికి డిమాండ్ రిజిస్టరు అప్పగించాను. అందులో పదకొండు ఇళ్ల కొలతలు ఇంకా పెన్సిల్‌తోనే ఉన్నాయి. ఆ యజమానులు సంతకం పెట్టలేదు. వాళ్లలో ముగ్గురు ఎవరో అతనికి చెప్పలేదు, ఆ పేజీ తెరవగానే అతనికే తెలుస్తుంది.